కొండకొమ్మున ఎజ్

ఫ్రాన్సు వెళ్ళొచ్చామని తెలియగానే మావాళ్ళంతా అడిగిన మొదటి ప్రశ్న, ఐఫెల్ టవరు ఎక్కారా అని. ఎక్కలేదండీ. పారిస్‌లో మేమున్నది విమానం మారడానికి పట్టిన మూడు గంటలు మాత్రమే. మిగిలిన ఇరవై రోజులూ ఆ దేశానికి దక్షిణపు కొసన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నీస్ నగరంలో మా చెల్లెలి ఇంట గడిచిపోయాయి. అందులోనూ ఓ వారం రోజులు నీస్‌కి తూర్పున పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక కొండపల్లె చుట్టుపక్కలే తిరిగాం. ఆ ఊరి పేరు ఎజ్. ఫ్రెంచిలో రాసేటప్పుడు అక్షరాలు ఎన్ని ఉన్నా పలికేటప్పుడు ఇంతే, ఎజ్. ఇది 2023 అక్టోబరు నాటి ముచ్చట.

యానాం వాళ్ళకి ఫ్రాన్సులో చుట్టరికాలేమిటని కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో ఉన్న మన పాఠకులకు అనుమానం రావచ్చు. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఆ ఏడు పాలన మన చేతికి వచ్చినా, చట్టప్రకారం భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఆ రోజు నుంచి ఆరు నెలల గడువు ఇచ్చి, ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవాలనుకునేవారు రాతపూర్వకంగా తెలియజేయాలన్నారు. తెలియజేయనివారు భారతీయులయ్యారు. అలా సంతకం పెట్టినవారిలో మా చెల్లెలి మామగారు ఒకరు. అప్పటికి ఆయనకి ఇరవైనాలుగేళ్ళు. పటాలంలో చేరి, దేశదేశాలు తిరిగి, చివరికి నీస్‌లో స్థిరపడ్డారు. ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది. ముందు కొండ ఎక్కుదాం.

గోదావరి గట్టెక్కడమే కొండెక్కడం అనుకునే ఊరు మాది. నేల ఎటు చూసినా బల్లపరుపు. అటువంటి కళ్ళకి ఆ తీరం మొదటిసారి కనిపించినప్పుడు నమ్మశక్యం కాలేదు. ఆల్ప్స్ పర్వతాలు అంత దూరం నుంచి నడిచొచ్చి, ఇక్కడ సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ఒడ్డుకీ కొండకీ మధ్య ఊరు కట్టుకోవడానికి చాలినంత నేల లేదు. ఒకదాని మీద ఒకటిగా కొండ వాలున మూడు రోడ్లు తొలిచారు. కిందిది సముద్రాన్ని ఆనుకుని పోతుంది. నడిమిది ఎజ్ ఊరి వాకిలి దాకా తీసుకెళుతుంది. పైది నెపోలియన్ నాడు వేసింది. మూడింటినీ కోర్నిష్ అంటారు.

ఇంత ఎత్తున ఊరెందుకు కట్టుకున్నారంటే, ప్రాణభయం. ఆ సముద్రంలో ఓడదొంగలకు కొదవలేదు. 1543లో తురుష్కుల నౌకాదళం, ఫ్రెంచి సైన్యం కలిసి నీస్‌ని ముట్టడించాయి. తెరచాప కనబడగానే తలుపులు వేసుకోవడానికి వీలైన చోటే మనుషులు కాపురం ఉండేవారు. ఆ తీరమంతా ఇటువంటి కొండకొమ్ము పల్లెలు కనబడతాయి. వాటిలో సముద్రానికి ఇంత దగ్గరగా, ఇంత నిటారుగా ఉన్నది ఎజ్. ఊరు నాలుగు వందల మీటర్ల పైన, దాని రైలు స్టేషను అలల పక్కన!

నీస్ నుంచి మొనాకో వైపు పోయే పాసింజరు రైలెక్కితే పదిహేను నిమిషాల్లో ఎజ్ సముద్రతీర స్టేషనులో దింపుతుంది. ఎడమచేతి కిటికీ దగ్గర కూర్చోవద్దు, గోడలూ సొరంగాలే కనిపిస్తాయి. కుడిపక్కన విల్‌ఫ్రాంష్ ఓడరేవు వస్తుంది. ఆ నీళ్ళ రంగుకి నాకు తెలుగులో మాట దొరకలేదు. నెమలి మెడ అంటే కొంత దగ్గర.

స్టేషను ముందు రోడ్డు దాటగానే బాట మొదలవుతుంది. దానికి నీషే బాట అని పేరు. జర్మన్ తత్త్వవేత్త నీషే 1883 నుంచి 1888 దాకా శీతకాలాలు నీస్‌లో గడిపాడు. ఎప్పుడూ అనారోగ్యమే, తలనొప్పులు, చూపు మందం. అయినా రోజూ గంటల తరబడి నడిచేవాడు. జరతూష్ట్ర పేరుతో ఆయన రాసిన పుస్తకంలో మూడో భాగానికి సంబంధించిన ముఖ్యమైన ఊహలు ఈ కొండ ఎక్కుతుండగా తట్టినవేనని ఆయనే తరవాత రాసుకున్నాడు. ఆయన రాకముందూ ఆ బాట ఉంది. ఊళ్ళోవాళ్ళు రేవుకి దిగిరావడానికీ, బరువులు మోసుకుని తిరిగి ఎక్కడానికీ అదే దారి. పేరు మాత్రం కొన్ని శీతకాలాలు నడిచిన పరదేశికి దక్కింది. లోకరీతి అంతేగా!

తిరుమలకి శ్రీవారి మెట్టు దారిన నడిచినవారికి ఈ ఎక్కుడు సులువుగా అర్థమవుతుంది. దూరం ఇంచుమించు అంతే, రెండు కిలోమీటర్ల చిల్లర. కాకపోతే ఇక్కడ నెత్తిన నీడ లేదు, దారిలో కుళాయి లేదు, చేత్తో పట్టుకోవడానికి కమ్మీ లేదు. కొంతదూరం రాతిమెట్లు, కొంతదూరం జారే గులకరాళ్ళు, మధ్యలో దేవదారు జాతి చెట్ల కింద కాస్త చల్లదనం. తలెత్తితే తెల్లటి సున్నపురాతి గోడలు. వెనక్కి తిరిగితే సముద్రం, ప్రతి మలుపుకీ ఇంకాస్త వెడల్పవుతూ.

పుస్తకాల్లో గంటన్నర అని రాస్తారు. మాకు రెండు గంటలు పట్టింది. మా ఆవిడ చీర కాస్త పైకి చెక్కి, మా చెల్లి ఇచ్చిన బూట్లు వేసుకుని, గోవిందనామాలు చదువుకుంటూ నాకంటే ఇరవై గజాలు ముందే నడిచింది. ఎదురుగా దిగుతున్న ఒక దొరసాని నవ్వుతూ బోంజూర్ అంటే, ధ్యాసలో ఉన్న మా ఆవిడ గోవిందా అంది. ఆవిడ కూడా గోవిందా అని దిగిపోయింది. అది స్థానిక భాషలో పలకరింపు అనుకుని ఉంటుంది.

పైకి చేరేసరికి పద్నాలుగో శతాబ్దపు కోటగుమ్మం ఎదురవుతుంది. అక్కణ్ణించి లోపలికి మోటారు వాహనం పోదు. సందులు ఎంత ఇరుకంటే, చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. రాతి ఇళ్ళు, రాతి మెట్లు, గుమ్మాల మీద పాకిన కాగితంపూల తీగలు. చూడముచ్చటగా ఉంది, కాదనను. అయితే ఆ ఇళ్ళల్లో సంసారాలు ఏవని మా ఆవిడ అడిగింది. నిజమే. ఒక గుమ్మంలో బొమ్మల దుకాణం, ఇంకో గుమ్మంలో సెంట్ల దుకాణం, పక్కది పెద్ద హోటలు. బట్టలారేసిన తీగ ఒక్కటి కనబడలేదు. కూర పోపు వాసన ఎక్కడా రాలేదు. ఊరిని మెరుగుపెట్టి అద్దాల బీరువాలో పెట్టినట్టుంది. నీస్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు నలభై నిమిషాల్లో ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం ఆ బస్సులన్నీ వెళ్ళిపోయాక గంటసేపు ఉండి చూడండి. పిల్లులు సందుల్లోకి వస్తాయి, చర్చి గంట వినబడుతుంది, రాళ్ళ మీద మీ అడుగుల చప్పుడు మీకే వినబడుతుంది. అప్పుడు అది ఊరు.

ఊరి నెత్తిన, కూలిన కోట గోడల మధ్య ఒక తోట ఉంది. ఆ కోటని 1706లో పద్నాలుగో లూయీ కూల్పించాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1949లో ఆ శిథిలాల మీదే ఎడారి మొక్కల తోట వేశారు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళితే ఏముందనుకున్నారు? నాగజెముడు, కిత్తనార, కలబంద! మన పొలాలకి కంచెలుగా ఊరికే పెరిగేవి. మా ఆవిడ టిక్కెట్టు వంక, నాగజెముడు వంక మార్చిమార్చి చూసింది. నాగజెముడూ కిత్తనారా రెండూ మెక్సికో, ఆ చుట్టుపక్కల దేశాల నుంచి ఓడలెక్కి లోకమంతా తిరిగినవే. మన గట్ల మీద కుదురుకున్నట్టే అక్కడి రాళ్ళల్లోనూ కుదురుకున్నాయి. సముద్రపు గాలీ, తెల్లరాతి ఎండవేడీ వాటికి సరిపోయాయి. తోట కొస నుంచి చూస్తే కాప్ ఫెర్రా అనే భూశిరం, విల్‌ఫ్రాంష్ రేవు, వెనక కొండల వరస అన్నీ ఒక్క చూపులో వస్తాయి. టిక్కెట్టు డబ్బులు ఆ చూపుకి అనుకోండి, కిట్టుబాటవుతుంది.

మావయ్యగారిని, అంటే మా చెల్లెలి మామగారిని, మా బావగారు బస్సులో తీసుకొచ్చారు. నీస్‌లోని వోబాన్ నుంచి ఎనభైరెండో నెంబరు బస్సు ఊరి మొదట్లోకే వస్తుంది, నడవలేనివారు అలా రావచ్చు. గుమ్మం దాటాక మెట్లున్నాయి కనుక చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చర్చి దాకా నడిపించారు. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ఆ చర్చికి పసుపుపచ్చ రంగు ముఖద్వారం, ముందు చిన్న ఖాళీస్థలం. అక్కడ బల్ల మీద కూర్చోబెట్టాం. మా ఆవిడ తెచ్చిన పులిహోర అందరికీ పెట్టింది.

నేను పదవీ విరమణ చేసిన మాష్టార్ని కదా, చదివింది చెప్పకుండా ఉండలేను. ఈ ఊరు కూడా మన యానాంలాగే జెండా మారిన ఊరు మావయ్యగారూ అన్నాను. నీస్ ప్రాంతం 1860 దాకా ఫ్రాన్సుది కాదు, ఇటలీ వైపున్న సార్డీనియా రాజ్యానిది. ఆ ఏడు మార్చి 24న ఒప్పందం కుదిరింది, ఏప్రిల్లో ప్రజల చేత ఓట్లు వేయించి ఫ్రాన్సులో కలిపారు. నీస్‌లో పుట్టిన గారిబాల్డీకి అది జన్మంతా మింగుడు పడలేదు. ఆ ఒప్పందంలోనూ ఒక షరతుంది. పాత రాజ్యపు పౌరులుగానే ఉండాలనుకునేవారు ఏడాదిలోగా ఆ సంగతి చెప్పి, కాపురం ఇటలీకి మార్చుకోవాలి.

ఆయన పులిహోర తినడం ఆపారు.

"వీళ్ళకి ఏడాదిచ్చారా? మాకు ఆరు నెలలేనయ్యా మాష్టారూ" అన్నారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తరవాత ఆయనే, "ఏడాదిచ్చినా నేనా సంతకమే పెట్టేవాణ్ణిలే. కానీ ఫిబ్రవరితో గడువైపోయింది, మార్చిలో ఓడెక్కేశాను. ఏడాదైతే మామిడిపళ్ళ కాలం ఒకటి ఇంటి దగ్గర గడిచేది" అన్నారు.

ఆయన తమ్ముడు సంతకం పెట్టలేదు. ఒకే అరుగు మీద కూర్చుని పెద్దాడు పెడతానన్నాడు, చిన్నాడు పెట్టనన్నాడు. పోట్లాట ఏమీ లేదట. ఇంట్లో ఒకరు ఇటు, ఒకరు అటు ఉంటే ఎటు పోయినా ఫరవాలేదని వాళ్ళ నాన్నగారు అన్నారట. ఆ తరవాత ఆయన యానాం రావాలంటే వీసా కావాల్సి వచ్చింది. పుట్టిన ఊరికి! 2020లో తమ్ముడు పోయినప్పుడు కరోనా వల్ల విమానాలే లేవు. మా బావగారు కుర్రవాడిగా ఉన్నప్పుడు మనం ఫ్రెంచివాళ్ళమా, తెలుగువాళ్ళమా నాన్నా అని అడిగితే, పాస్‌పోర్టు ఫ్రెంచిది, పచ్చడి తెలుగుది అనేవారట. ఆ మాట ఆ రోజు మళ్ళీ చెప్పి తనే నవ్వారు.

నీస్ పాతబస్తీలో వీధి పలకలు చూపించింది కూడా ఆయనే. ఒకే వీధికి ఫ్రెంచి పేరొకటి, అక్కడి పాతభాష నిస్సార్‌లో పేరొకటి రెండు పలకలుంటాయి. ఆ భాష ఇళ్ళల్లో వినబడటం బాగా తగ్గిపోయింది, గోడల మీద మిగిలింది. నాతో ఆయన మాట్లాడింది అరవై ఏళ్ళ కిందటి యానాం తెలుగు. మా మనవలకి తెలియని మాటలు అందులో చాలా ఉన్నాయి. మా చెల్లెలి మనవరాలు ఆయన పక్కనే కూర్చుని ఫ్రెంచిలో జవాబులిస్తూ ఉంది. ఆయన తెలుగులో అడగడం మానలేదు.

ఇక ఎజ్ చుట్టుపక్కల చూడవలసినవి. కాళ్ళలో సత్తువ ఉంటే ఊరి నుంచి ఇంకా పైకి, రెవేర్ కోట దాకా నడవాలి. అది సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన ఆ కోటలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ యుద్ధఖైదీలను ఉంచారు. 1942లో వారిలో పలువురు తప్పించుకుపోయారు. ఇప్పుడు ఆ కొండంతా సంరక్షిత వనం, నడిచే బాటలు వేసి ఉన్నాయి. ఆకురాలే కాలంలో ఉత్తర దేశాల నుంచి ఆఫ్రికాకి పోయే గద్దలూ డేగలూ ఈ కొండల మీదుగానే వెళతాయి. దుర్భిణీలు పట్టుకుని వాటిని లెక్కపెట్టేవారు అక్కడ కూర్చుని ఉంటారు. మాకూ ఒకసారి చూడనిచ్చారు. రెక్క ఆడించకుండా గాలి మీద అలా తేలుతూ సముద్రం వైపు మళ్ళింది ఒక డేగ. మా కొరింగ మడ అడవులకి ఏటా వచ్చే వలసపిట్టలు గుర్తొచ్చాయి.

ఆ పక్కనే లా తుర్బీ అనే ఇంకో కొండపల్లె. అక్కడ రోమన్లు కట్టిన విజయస్తంభం ఉంది. ఆల్ప్స్ కొండజాతులను నలభైకి పైగా జయించినందుకు అగస్టస్ చక్రవర్తి గౌరవార్థం క్రీస్తుకు పూర్వం ఆరేడేళ్ళ కిందట నిలిపారు. ఒకప్పుడు యాభై మీటర్ల దాకా ఉండేదట, ఇప్పుడు మిగిలింది ముప్ఫై అయిదు. కూలిన రాళ్ళతో ఊళ్ళో ఇళ్ళు, చర్చి కట్టుకున్నారు. ఓడిపోయిన తెగల పేర్లన్నీ దాని మీద వరసగా చెక్కారు. వాటిలో చాలా తెగలకి ఇవాళ లోకంలో మిగిలిన గుర్తు ఆ పేరొక్కటే.

కొండలు మా వల్ల కాదనేవారికి కాప్ ఫెర్రా ఉంది. నీళ్ళ అంచునే ఆరు కిలోమీటర్ల బాట, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. అలలు బాగా లేచిన రోజు మాత్రం వద్దు. అక్కడి ఎఫ్రూసీ దేవిడీ 1905లో మొదలుపెట్టి 1912కి ముగించారు, దాని చుట్టూ రకరకాల తోటలు. పిల్లలు తోటల కంటే సముద్రస్నానమే ఇష్టపడతారు. ఎజ్ తీరంలో ఇసుక ఉండదు, గులకరాళ్ళు, పాదాలకి రబ్బరు చెప్పులుండాలి. అక్టోబరులో కూడా నీళ్ళు ఒంటికి పట్టేలా ఉన్నాయి. సెంట్లంటే సరదా ఉన్నవారు ఊరి పాదాన ఉన్న ఫ్రాగొనార్ కార్ఖానాకి వెళ్ళవచ్చు, ఊరికే తిప్పి చూపిస్తారు. నీస్‌కి అవతల ఉన్న గ్రాస్ పట్నంలో ఈ పరిశ్రమ పెరిగింది. అక్కడ సెంటుకి పండించే పువ్వు మన పెరటి జాజే.

తిండి విషయం ఆడవాళ్ళు తప్పక అడుగుతారు కనుక చెబుతాను. నీస్ వాళ్ళ సొంత పలహారం సొక్కా. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, బారెడు రాగిపళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాలపొడి. మన శనగపిండి అట్టుకి పినతల్లి బిడ్డ. పచ్చిమిర్చీ జీలకర్రా వేస్తే ఇంకా బావుండునని మా ఆవిడ తీర్పు. గుమ్మడి జాతి పువ్వులతో బజ్జీలు కూడా వేస్తారు. శాకాహారులు ఉల్లిపాయల రొట్టె అని చెప్పి ఇచ్చేదానితో జాగ్రత్త, దాని మీద చిన్నచిన్న ఉప్పుచేపలు పరుస్తారు. పొద్దుటిపూట సలేయా బజారుకి వెళితే కూరలు, పూలు, పళ్ళు దొరుకుతాయి. సోమవారాలు మాత్రం అక్కడ పాత సామాన్లు అమ్ముతారు.

మన పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. ఎండాకాలం, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో జనం తొక్కిడి, నీషే బాట మీద ఎండ మాడ్చేస్తుంది. ఏప్రిల్, మే గాని, సెప్టెంబరు, అక్టోబరు గాని మంచివి. పొద్దున్నే బయలుదేరాలి. మనిషికి రెండు సీసాల నీళ్ళు, అడుగు గట్టిగా ఉన్న బూట్లు తప్పనిసరి, పట్టు తప్పే చెప్పులతో వద్దు. గట్టి వాన కురిసిన మర్నాడు రాళ్ళు జారతాయి కనుక బాట తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కడం మానుకోనక్కరలేదు గానీ దిగడం మాత్రం బస్సులోనే. మేమూ అలాగే చేశాం. మావయ్యగారు కిటికీ పక్కన కూర్చుని, మలుపు మలుపుకీ ఆ కింద కనిపిస్తున్న ఊరి పేరు మా ఆవిడకి చెబుతూ వచ్చారు.